అడ్తిదారుకు ఏం చెప్పాలి, అపార్ట్‌మెంట్ వాళ్లకు ఏం చెప్పాలి?

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల వైపు ఒక పల్లె నుంచి ఒక మహిళా రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు ముప్పై ఆరు. రెండున్నర ఎకరాల సొంత పొలం, ఒక ఎకరం కౌలు, ఒక బోరు. టమాటా, వంకాయ, బెండ, పందిరి బీర, ఆకుకూరలు వేస్తారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి సరుకంతా నగరంలో ఒక మార్కెట్‌లో ఒకే అడ్తిదారు, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే వ్యాపారి, దగ్గర పడేది.

ఈమె చెల్లెలు గచ్చిబౌలి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పని చేస్తుంది. రెండేళ్ల కిందట ఆ చెల్లెలు, అక్కడి టీచరమ్మ ఒకరు అడిగారని ఒక సంచి పాలకూర, బెండకాయలు తెప్పించుకుంది. ఆ ఒక్క సంచి ఇప్పుడు 44 ఇళ్లయింది. బుధవారం, ఆదివారం ట్రాలీ ఆటోలో సరుకు తీసుకెళ్లి గేటు లోపల తక్కెడ పెట్టుకుంటారు. ఒక్కో ట్రిప్పుకు ఏడున్నర వేలు వస్తుంది. అదే సరుకు మార్కెట్‌కు వేస్తే కమీషన్, హమాలీ, తరుగు, బండి కిరాయి పోను మూడున్నర వేలు మిగిలేది. "డబ్బు సంగతి అట్లుంచండి. మా బీరకాయ తిన్న పిల్లవాడు గేటు దగ్గరికి వచ్చి ఇంకా కావాలి ఆంటీ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అని రాశారు. గత ఏప్రిల్‌లో వడగండ్ల వానకు పందిరి కూలిపోతే, కొనేవాళ్లందరూ ఉన్న ఫోన్ గ్రూపులో ఫొటో పెట్టారట. అడగకుండానే 22,000 రూపాయలు పోగు చేసి, కూరగాయల్లో తీర్చండి అని పంపారు వాళ్లు.

ఇక బాధ. అడ్తిదారుకు లక్షా నలభై వేలు బాకీ ఉంది. అందులో అరవై వేలు భర్తకు అర్ధరాత్రి ఆపరేషన్ అయినప్పుడు ఆయన స్వయంగా ఆస్పత్రికి తెచ్చి కట్టినవి. ఆయన వడ్డీ అడగరు, కానీ సరుకు తన దగ్గరే పడాలి. అమ్మిన దానిలో నూటికి పది కమీషన్. ఈ మధ్య సరుకు తగ్గేసరికి "కష్టంలో నేను గుర్తొచ్చాను, లాభంలో గుర్తు రాలేదా" అని భర్తను నలుగురిలో అన్నారు. అప్పటి నుంచి భర్త ముభావంగా ఉంటున్నారు. అత్తగారు "మన ఇంటి కోడలు గేటు కాడ తక్కెడ పట్టుకుని కూసునుడేంది" అంటున్నారు. కొనేవాళ్లలో కొందరు యాప్‌లో రేటు చూపించి బేరం ఆడతారు. ఇంకో అపార్ట్‌మెంట్ వాళ్లు మాకూ తెమ్మంటున్నారు.

చివరి పేజీలో, మిగతా ఉత్తరం కంటే చిన్న అక్షరాలతో, ఇంకో మాట రాశారు. గ్రూపులో అందరూ ఆమెను "మన ఆర్గానిక్ అక్క" అంటారు. ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు, కాదనీ చెప్పలేదు. వంకాయకు మందు కొడతారు, టమాటాకు యూరియా వేస్తారు. "ఇప్పుడు చెబితే అందరూ పోతారేమో, చెప్పకపోతే నాకు ముద్ద దిగడం లేదు. ఏం చేయాలి?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు నాలుగు ప్రశ్నలు రాశారు గానీ నాకు వాటిలో ఒకటే కనిపించింది. పద్నాలుగు పదిహేనేళ్లు మీ పంటకు, తినేవాళ్లకు మధ్య ఒక మనిషి ఉన్నారు. ఇప్పుడు ఆ చోటులో మీరు నిలబడ్డారు. దానితో ఆయన ఆదాయమే కాదు, ఆయన పని, ఆయన మోసే బరువు, ఆయన పడే మాట కూడా మీ మీదికి వచ్చాయి. మీకు అలసటగా, భయంగా ఉందంటే మీరు తప్పు దారిలో ఉన్నారని కాదు, ఇద్దరి పని ఒక్కరే చేస్తున్నారని.

మాదీ కూరగాయలు పండించిన ఇల్లే. చిన్నప్పుడు వంకాయ బుట్టలతో మా నాన్న వెంట మార్కెట్‌కు వెళ్లేదాన్ని. తెల్లవారకముందే కాటా అయిపోయేది. ఒక చిన్న చీటీ చేతిలో పెట్టేవాళ్లు. ఆ చీటీలో అంకెలు తప్ప ఏమీ ఉండవు. ఆ వంకాయ ఎవరు కొన్నారో, గుత్తొంకాయ చేశారో పచ్చడి చేశారో, బాగుందన్నారో లేదో నాన్నకు జీవితంలో ఒక్కసారి కూడా తెలియలేదు. ఆ పిల్లవాడి మాటకు మీకు నిద్ర పట్టలేదన్నారే, అది ఎందుకో నాకు బాగా తెలుసు. ఆ సంతోషాన్ని తక్కువ చేసి, డబ్బు లెక్కలోకి మాత్రమే దిగనని ముందే చెబుతున్నాను. కానీ ఆ సంతోషం నిలవాలంటే లెక్క సరిగా ఉండాలి. అందుకని లెక్కతోనే మొదలుపెడతాను.

2024 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంక్ వెలువరించిన అధ్యయనాల్లో ఒక సంగతి ఉంది. మనం టమాటాకు పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37. ఈ అంకె వినగానే మిగతా 67 పైసలు ఎవరో దోచుకుంటున్నారని కోపం వస్తుంది. దోపిడీ లేదని నేను అనను, తరుగు పేరుతో కోసేది మా ఇంట్లోనూ చూశాను. కానీ ఆ 67 పైసల్లో లారీ కిరాయి ఉంది, హమాలీ కూలి ఉంది, ఏరి పారేసిన కాయ ఉంది, సాయంత్రం దాకా అమ్ముడుపోక వడలిపోయిన ఆకుకూర ఉంది, దుకాణం అద్దె ఉంది. నేరుగా అమ్మితే ఈ ఖర్చులు మాయం కావు. మీ ఇంటికి వస్తాయి.

మీ ట్రిప్పునే తీసుకుందాం. ఏడున్నర వేలు వచ్చింది. మీరు రాసిన ప్రకారం ఆటోకు 1,300, సంచులకు వాటికీ 150. మిగిలేది 6,050. మార్కెట్‌కు వేస్తే చేతికి వచ్చే మూడున్నర వేలు తీసేస్తే, తేడా 2,550. మీ ఉత్తరంలో ఈ తేడాను లాభం అన్నారు. కానీ ముందు రోజు సాయంత్రం ఏరడానికి, కట్టలు కట్టడానికి ఇద్దరు ఆడవాళ్లను పిలుస్తారు కదా, వాళ్లకు 600. ఇక ఉన్నది 1,950. అందులో తెల్లవారుజామున రెండున్నరకు లేచి సాయంత్రం ఇల్లు చేరే మీ రోజు ఉంది, బండి ఎక్కించి దించి ఆ పూటంతా పొలం పని వదిలేసిన మీ ఆయన రోజు ఉంది. మీ ఊళ్లో మీకు ఐదు వందలు, ఆయనకు ఎనిమిది వందలు కూలి అనుకుంటే, నిజంగా అదనంగా మిగిలేది 650 రూపాయలు.

ఇది చూసి నిరుత్సాహపడకండి. నెలకు ఎనిమిది ట్రిప్పులు. ఇంతకు ముందు బయటికి పోయిన 15,600 రూపాయలు ఇప్పుడు మీ ఇంట్లోకి వస్తున్నాయి. అందులో 10,400 మీ ఇద్దరి కూలి, 5,200 లాభం. ఊళ్లో పని దొరకని రోజుల్లో కూడా ఆ కూలి మీకు ఖాయం. ఇది చిన్న విషయం కాదు. కానీ రెండింటినీ విడిగా రాసుకోండి. కూలి డబ్బును లాభం అనుకున్నవాళ్లు ఇంకో అపార్ట్‌మెంట్, ఇంకో అపార్ట్‌మెంట్ అంటూ ఒప్పుకుంటూ పోతారు. ఒళ్లు చెడ్డాక గానీ తెలియదు.

అడ్తిదారు సంగతి. ఆయన్ని మీరు చెడ్డవాడిగా రాయలేదు. అది నాకు బాగా నచ్చింది. అర్ధరాత్రి అరవై వేలు తెచ్చి ఆస్పత్రిలో కట్టిన మనిషిని దళారి అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తప్పు. అలాగని ఆయన వడ్డీ తీసుకోవడం లేదనుకోవడం కూడా సరికాదు. నెలకు ముప్పై వేల సరుకు ఆయన దగ్గర పడిన రోజుల్లో నూటికి పది చొప్పున మూడు వేలు కమీషన్ వెళ్లింది. లక్షా నలభై వేలకు రెండు రూపాయల వడ్డీ లెక్క కట్టినా నెలకు 2,800. అందులో కొంత ఆయన మీ సరుకు అమ్మిపెట్టినందుకు న్యాయంగా రావలసిందే. మిగతాది వడ్డీయే. కాబట్టి మీరు ఆయనకు కృతజ్ఞతతో ఉండాలి, నిజమే. కానీ ఊరికే తిన్నవాళ్లలా తల దించుకోవలసిన పని లేదు. ఈ మాట మీ ఆయనకు తెలియడం చాలా అవసరం. నలుగురిలో మాట పడ్డది ఆయన.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఇప్పటిలాగే ఏమీ మాట్లాడకుండా కొంత సరుకు అటు, కొంత ఇటు వేస్తూ పోవడం. దీనిలో బాకీ అలాగే ఉంటుంది, ప్రతి మార్కెట్ రోజూ మీ ఆయన ఆ ముఖం చూడాలి. ఇంట్లో మీ ఇద్దరి మధ్య దూరం పెరిగేది ఇక్కడే అని నా భయం.

రెండు, ఎక్కడైనా తెచ్చి బాకీ ఒక్కసారే కట్టేయడం. పంట రుణం ఉండగా బయట వడ్డీకి మాత్రం వెళ్లకండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే అది 4 శాతానికి దిగుతుంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి. అది పంట పెట్టుబడికి ఇచ్చే డబ్బు, పాత బాకీకి కాదు. కానీ విత్తనం, ఎరువు, మందుల ఖర్చు దానితో వెళ్లదీస్తే, ఇప్పటిదాకా పెట్టుబడికి వాడిన చేతి డబ్బు బాకీకి వెళుతుంది. మీరు మహిళా సంఘంలో ఉన్నానని రాశారు. మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంగతి కూడా సంఘంలో అడగండి. ఈ దారిలో మెడ మీద బరువు తీరిపోతుంది. కానీ కిస్తు తేదీ పంట పోయిందని ఆగదు. పోయిన ఏప్రిల్ లాంటి వాన మళ్లీ వస్తే అడ్తిదారు ఆగుతాడు, బ్యాంకు ఆగదు.

మూడోది, మీ ఇద్దరూ కలిసి ఆయన దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడడం. మార్కెట్‌లో కాటా దగ్గర కాదు, ఆయన ఇంటికి. "అన్నా, నీ మేలు మరిచిపోలేదు. నెలకు ఏడు వేల చొప్పున ఇరవై నెలల్లో తీరుస్తాం. ఇంతలో టమాటా, మిగిలిన వంకాయ నీకే వేస్తాం. ఆకుకూరలు, బీర, బెండ మేం అమ్ముకుంటాం" అని చెప్పడం. ఒక కాగితం మీద రాసుకోవడం, కట్టినప్పుడల్లా ఆయన చేత సంతకం పెట్టించుకోవడం. ఆయన ఒప్పుకోకపోవచ్చు. మొత్తం ఇప్పుడే కట్టమనవచ్చు. అప్పుడు రెండో దారికి వెళ్లాలి. అందుకని బ్యాంకులో కనుక్కున్న తర్వాతే ఆయన ఇంటికి వెళ్లండి, ముందు కాదు.

ఈ మూడో దారికి నేను మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. ఆయన మీకు ఇంకా అవసరం. 44 ఇళ్లు ఎంత ప్రేమగా కొన్నా వారానికి ఇంటికి రెండు కిలోల టమాటా తింటారు. దిగుబడి ఒక్కసారే వచ్చిపడిన వారం మీ దగ్గర ముప్పై బాక్సులు ఉంటాయి. వాటిని ఒక్క పూటలో కొనగలిగేది మార్కెట్ ఒక్కటే. మార్కెట్‌ను పూర్తిగా వదిలేసి నేరుగా అమ్మడమే గొప్ప అని మీకు ఎవరైనా చెబితే, వాళ్లు ఎప్పుడూ ముప్పై బాక్సుల టమాటా కోసి ఉండరు.

ఇప్పుడు ఆ చిన్న అక్షరాల సంగతికి వస్తాను.

మీరు అబద్ధం చెప్పలేదు. కానీ వాళ్లు నమ్ముతున్నది నిజం కాదని మీకు తెలుసు. చెప్పకుండా ఇలాగే పోవడం ఒక దారే, చాలామంది అలాగే పోతున్నారు. ఎప్పుడో ఒకరోజు ఎవరో కారులో మీ ఊరి వైపు వచ్చి, భుజాన స్ప్రేయర్‌తో మీ ఆయన్ని చూస్తారు. ఫొటో గ్రూపులో పడుతుంది. ఆ రోజు వంకాయ ఒక్కటే కాదు, మీరు నిజంగా ఏ మందూ కొట్టని తోటకూర కూడా ఎవరూ నమ్మరు. పందిరి కూలిన ఫొటో కూడా నిజమేనా అని అడుగుతారు.

మందు కొట్టకుండా పండించాలనుకోవడం రెండో దారి. మంచిదే, కానీ ఒక్కసారే మూడున్నర ఎకరాలూ మార్చకండి. మొదటి ఒకటి రెండేళ్లు దిగుబడి పడిపోతే లక్షా నలభై వేల బాకీతో మీరు తట్టుకోలేరు. ఆకుకూరల మడులు ఒక అర ఎకరంతో మొదలుపెట్టండి, అక్కడ మందు అవసరం తక్కువ. వంకాయలో మొవ్వు తొలిచే పురుగుకు మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం, వాడిన కొమ్మల కొనలు తుంచి కాల్చేయడం, వేప గింజల కషాయం చల్లడం చేస్తే మందు కొట్టే సార్లు తగ్గుతాయి. పూర్తిగా మానగలరని నేను మాట ఇవ్వను. సర్టిఫికెట్ కావాలంటే పీజీఎస్ అనే పద్ధతి ఉంది. చుట్టుపక్కల రైతులు కనీసం ఐదుగురు ఒక గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు చూసి పూచీ పడతారు. పొలం పండించిన చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్మేటప్పుడు ఆర్గానిక్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదని 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో మినహాయింపు ఉంది. అది కాగితం నుంచి మినహాయింపే తప్ప, నిజం నుంచి కాదు.

మూడోది, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. దీనివల్ల కొందరు పోతారు. ఎందరో నేను చెప్పలేను. నలభై నాలుగులో పది ఇళ్లు పోయినా ముప్పై నాలుగు మిగులుతాయని, ఆ ముప్పై నాలుగు మళ్లీ ఎవరో వచ్చి ఏదో చెబితే కదలవని నా నమ్మకం. వడగళ్లు పడ్డ రోజు అడగకుండా డబ్బు పంపినవాళ్లు ఆర్గానిక్ అనే పేరుకు పంపలేదమ్మా, కూలిన పందిరి చూసి పంపారు.

చెప్పేటప్పుడు సంజాయిషీలా కాకుండా, మామూలుగా చెప్పండి. మీ మాటల్లోనే రాయాలి గానీ, ఒక దారి చూపడానికి ఇలా రాస్తున్నాను:

"అందరికీ నమస్తే. మీరు నన్ను ఆర్గానిక్ అక్క అంటుంటే నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే. మా పాలకూర, తోటకూర, కొత్తిమీరకు మందు కొట్టం. బెండకు, బీరకు పురుగు పడితేనే కొడతాం. వంకాయకు, టమాటాకు కొడతాం, యూరియా కూడా వేస్తాం. మందు కొట్టిన తర్వాత డబ్బా మీద రాసిన రోజులు ఆగిన తర్వాతే కోస్తాం. ఇక నుంచి ప్రతి ట్రిప్పుకు ఏ కూరకు ఎప్పుడు ఏం కొట్టామో గ్రూపులో రాస్తాను. వద్దనుకున్నవాళ్లు ఆ కూర తీసుకోకండి, నేను ఏమీ అనుకోను."

ఇందులో ఉన్న ఒక మాట నిజం కాకపోతే రాయకండి. డబ్బా మీద రాసిన రోజులు ఆగకుండా కోస్తున్నారా? అలా అయితే ముందు అది మానండి, తర్వాత సందేశం పంపండి. అడ్తిదారు దగ్గరికి పోయే టమాటాకైనా అదే లెక్క. అది తినే పిల్లవాడు గేటు దగ్గరికి రాలేడు, అంతే తేడా.

బేరం ఆడేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. యాప్‌లో తక్కువకు ఇచ్చే రోజు వాళ్లు అక్కడ కొనుక్కోనివ్వండి. కానీ మిగతావాళ్లతో ఒక ఒప్పందానికి వచ్చే ఆలోచన చేయండి. 2023 గుర్తు తెచ్చుకోండి. జూలైలో టమాటా కిలో 150 దాటింది. సెప్టెంబర్ వచ్చేసరికి కోత కూలి రాక రైతులు రోడ్ల పక్కన పారబోశారు. ఆ జూలైలో కొనేవాడు ఏడ్చాడు, సెప్టెంబర్‌లో పండించేవాడు ఏడ్చాడు. ఏడాది పొడవునా టమాటా ఇరవై ఐదుకు తగ్గదు, నలభైకి మించదు అని మీరూ వాళ్లూ ఒక మాట అనుకుంటే ఇద్దరికీ ఏడుపు తప్పుతుంది. నేరుగా అమ్మడంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే. ఎక్కువ రేటు కంటే, రేపు ఎంత వస్తుందో తెలిసిన రేటు. అయితే దీనికి ఒక షరతు ఉంది. 150 పలికే వారం మీరు కూడా నలభైకే ఇవ్వాలి. ఆ వారం మనసు లాగుతుంది, మీ ఆయన కూడా అడుగుతారు. ఇవ్వలేమనుకుంటే ఈ మాట ఎత్తనే వద్దు.

ఆ 22,000 అడ్వాన్స్ పద్ధతినే ఒక ఏర్పాటుగా మార్చుకోవచ్చు కూడా. సీజన్ మొదట్లో ఇంటికి ఇంత అని ముందే కట్టి, పండినదాంట్లో వంతు తీసుకోవడం. జపాన్‌లో 1970లలో, మందుల భయంతో ఉన్న గృహిణులు, రైతులు కలిసి ఇలాంటిదే మొదలుపెట్టారు, తెయికేయి అంటారు దాన్ని. విత్తనం వేసే రోజు డబ్బు చేతిలో ఉంటే అడ్తిదారు అడ్వాన్స్ అవసరమే పడదు. కానీ అది కూడా అప్పే, మరిచిపోకండి. పది మందితో ఒక సీజన్ చేసి చూడండి చాలు.

కొత్త అపార్ట్‌మెంట్ మాట. మీరు ఒక్కరే అయితే వద్దు. ఇప్పుడున్న పనికే మీరు రెండున్నరకు లేస్తున్నారు. మీ సంఘంలో కూరగాయలు పండించేవాళ్లు నలుగురైనా ఉంటారు. వాళ్లతో కలిస్తే బండి కిరాయి పంచుకోవచ్చు, వారానికొకరు వంతున వెళ్లొచ్చు, మీకు బెండ లేని వారం ఇంకొకరి బెండ ఉంటుంది. పీజీఎస్‌కు కావలసిన ఐదుగురూ వాళ్లే అవుతారు. ఇబ్బంది కూడా ఉంది. ఆమె వంకాయలో పుచ్చు వస్తే మాట మీకు వస్తుంది. కాయ ఎవరు ఏరాలి, పుచ్చు ఎవరి ఖాతా అనేది మొదటి రోజే తేల్చుకోవాలి. ఇలా కలిసి నిలబడినవాళ్లు ఉన్నారు. అనంతపురం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2008లో మొదలైన ధరణి రైతుల సహకార సంఘం, సభ్యుల చిరుధాన్యాలను తామే శుద్ధి చేసి తామే అమ్ముతోంది. వాళ్లు కూడా ఒక్క రోజులో అక్కడికి చేరలేదు.

అందరూ కలవకపోతే రైతు బజార్ ఉంది. 1999 జనవరి 26న మొదలైనప్పటి నుంచి దాని ఉద్దేశం ఇదే, మధ్యలో కమీషన్ లేకుండా రైతు తన సరుకు తాను అమ్ముకోవడం. గుర్తింపు కార్డు తీసుకుంటే మెహదీపట్నం మీకు దగ్గర. రేటు రోజూ బోర్డు మీద వాళ్లే రాస్తారు కాబట్టి బేరం గొడవ తక్కువ, అలాగే ఎక్కువ అడగడానికీ ఉండదు. పొద్దున్నుంచి అక్కడే కూర్చోవాలి. నన్నడిగితే ఇది మీకంటే మీ ఆయనకు నప్పవచ్చు.

ఆయన గురించే చివరికి రాస్తున్నాను. ఉత్తరంలో ఒక వాక్యం మీరు మామూలుగా రాసేశారు, "డబ్బులన్నీ నా ఫోన్‌కే వస్తాయి" అని. ఇన్నేళ్లూ ఆయన చేతికి వచ్చేవి. మార్కెట్‌లో ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు. గేటు దగ్గర 44 ఇళ్లకూ అక్క తెలుసు, ఆయన బండి దించే మనిషి. ఆయన ముభావం అంతా అడ్తిదారు మాట వల్లే అని మీరు అనుకుంటున్నారు. కొంత ఇది కూడా అయి ఉండవచ్చు. మీరు తగ్గాలని కాదు ఈ మాట. ఫోన్‌కు వచ్చిన ప్రతి రూపాయీ ఆదివారం రాత్రి ఇద్దరూ కూర్చుని పుస్తకంలో రాయండి. కూలి ఇంత, లాభం ఇంత, బాకీకి ఇంత. ఆయన కూలి ఎనిమిది వందలు ఆయన పేరున రాయండి. ఆ బీరకాయ పందిరి వేసింది ఆయనే అని గ్రూపులో ఒక ఫొటో పెట్టండి.

ఇక అత్తమ్మ. ఆమె కాలంలో గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకోవడం అంటే ఇల్లు గడవనివాళ్లు చేసే పని. ఆ భయమే ఆమె చేత ఆ మాట అనిపిస్తోంది. వాదించి గెలవలేరు. సంక్రాంతి ముందర, చిక్కుడు, అనప కాసే రోజుల్లో ఒక ఆదివారం ఐదారు కుటుంబాలను పొలానికి రమ్మనండి. అన్నం అత్తమ్మ చేత వడ్డింపించండి. పొలం గురించి వాళ్లు అడిగే ప్రశ్నలకు ఆమెను, మీ ఆయన్ని జవాబు చెప్పనివ్వండి, మీరు వెనక ఉండండి. ఆమె మనసు మారుతుందో లేదో తెలియదు గానీ, ఎవరికి అమ్ముతున్నారో ఒకసారి చూస్తుంది.

ఈ పనులకు ఒక వరుస ఉంది. ముందు లెక్క, తర్వాత బ్యాంకు, తర్వాత అడ్తిదారు ఇల్లు. గ్రూపులో పెట్టే సందేశం మాత్రం వీటికోసం ఆగనక్కర్లేదు, ఈ బుధవారం ట్రిప్పుకు ముందే పంపవచ్చు. పంపే ముందు మీ ఆయనకు చదివి వినిపించండి. మందు కొట్టేది ఆయన కాబట్టి ఏ కూరకు ఎన్ని రోజులయిందో ఆయన్నే చెప్పమని, ఆయన చెప్పిందే రాయండి.